ఎమిరేట్స్ స్కైవార్డ్స్‌లో చేరాలా? దుబాయ్ మీదుగా తిరిగేవాళ్ల కోసం ఒక లెక్క

ఆన్‌లైన్‌లో విమానం టికెట్ తీసుకుంటుంటే ప్రయాణికుడి పేరు కింద సభ్యత్వ నంబరు అడిగే గడి ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసి డబ్బు కట్టే పేజీకి వెళ్లిపోతారు. ఇంకొందరు ఆ గడిలో నంబరు ఉంది కదా అని పక్క కంపెనీలో ఆరేడు వేలు తక్కువకు దొరుకుతున్న టికెట్ వదులుకుంటారు. మొదటివాళ్లకు పోయేది కొద్దిగానే. రెండోవాళ్లకు ఏటా చేతి చమురు వదులుతుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కో, దుబాయ్ మీదుగా అమెరికాకో వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఎదురుపడేది ఎమిరేట్స్ విమాన కంపెనీ వారి స్కైవార్డ్స్ అనే సభ్యత్వ పథకం (ఎగిరినకొద్దీ మైళ్లు అనే పాయింట్లు ఇచ్చి, వాటిని టికెట్లకు వాడుకోనిచ్చేది) కాబట్టి దాన్నే తీసుకుని చూద్దాం.

స్కైవార్డ్స్ 2000లో మొదలైంది. 2018 నుంచి ఫ్లైదుబాయ్ అనే ఇంకో దుబాయ్ విమాన కంపెనీకి కూడా ఇదే పథకం. అంటే హైదరాబాద్–దుబాయ్ మధ్య ఈ రెండిట్లో ఏది ఎక్కినా మైళ్లు ఒకే ఖాతాలో పడతాయి. చేరడానికి రుసుము లేదు, ఏడాదికి ఇన్నిసార్లు ఎగరాలన్న షరతూ లేదు. అందరూ బ్లూ అనే మెట్టు మీద మొదలవుతారు. దాని పైన సిల్వర్, గోల్డ్, ప్లాటినమ్.

చేరిన మొదటి ప్రయాణంలోనే పనికొచ్చేది మైళ్లు కాదు, వైఫై. వైఫై ఉన్న విమానాల్లో ఎకానమీలో కూర్చున్న బ్లూ సభ్యులకు కూడా మెసేజ్‌లు పంపుకునే సౌకర్యం ఉచితం. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తాయి, ఫొటోలు, కాల్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. దుబాయ్ నుంచి డల్లాస్ దాకా పదహారు గంటలు ఒంటరిగా కూర్చునే అమ్మానాన్నలకు, అవతల ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లలకు ఈ ఒక్క సౌకర్యం చాలు, ఖాతా తెరవడానికి. టికెట్‌లో సభ్యత్వ నంబరు ముందే ఎక్కి ఉంటేనే ఇది సాఫీగా పనిచేస్తుంది, విమానం ఎక్కాక గుర్తొస్తే ఇబ్బందే.

ఇక మైళ్లు. ఒకే ఖాతాలో రెండు రకాల మైళ్ల లెక్కలు నడుస్తాయని ముందు అర్థం కావాలి. స్కైవార్డ్స్ మైళ్లు ఖర్చుపెట్టుకునేవి. టియర్ మైళ్లు మెట్టు ఎక్కడానికి లెక్కపెట్టేవి, వాటితో ఏదీ కొనలేం. రెండూ దూరాన్ని బట్టే కాక, మీరు ఏ ధర టికెట్ కొన్నారన్నదాన్ని బట్టి పడతాయి. ఎకానమీలో స్పెషల్, సేవర్, ఫ్లెక్స్, ఫ్లెక్స్ ప్లస్ అని నాలుగు రకాలుంటాయి (అన్ని రూట్లలో నాలుగూ అమ్మరు). ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకే ఉప్మా తిన్న ఇద్దరికి వేరువేరుగా మైళ్లు పడటానికి కారణం ఇదే. కంపెనీ సైట్‌లో మైళ్ల క్యాలిక్యులేటర్ ఉంటుంది. బయల్దేరే ఊరు, చేరే ఊరు, టికెట్ రకం ఇస్తే ఎన్ని పడతాయో చెబుతుంది. కొన్నాక కాదు, కొనకముందు చూడాల్సింది అది.

మెట్ల సంగతి చూస్తే, సిల్వర్‌కు 25,000 టియర్ మైళ్లు గానీ 25 ఫ్లయిట్లు గానీ కావాలి. గోల్డ్‌కు 50,000 గానీ 50 ఫ్లయిట్లు గానీ. ప్లాటినమ్‌కు 1,50,000 టియర్ మైళ్లు. ఈ అంకెల్ని మన ప్రయాణాలకు అన్వయించి చూడండి. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ ఏడాదికోసారి ఇంటికొచ్చే మనిషికి రానూ పోనూ రెండు ఫ్లయిట్లు. ఆ లెక్కన సిల్వర్ ఈ జన్మకు రాదు. అమెరికా ప్రయాణంలో దుబాయ్‌లో మారతారు కాబట్టి రానూ పోనూ నాలుగు. ఫ్లయిట్ల సంఖ్య దారిలో వెళ్తే ఆరుసార్లు తిరిగినా ఇరవై నాలుగే, ఒకటి తగ్గుతుంది. మైళ్ల దారి అమెరికా వాళ్లకు కొంత దగ్గర. అయినా ఏడాదికి ఒక్కసారి, చవక టికెట్ మీద వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. టియర్ మైళ్లు ఏళ్ల తరబడి పోగుపడవు, లెక్క చూసే గడువు పదమూడు నెలలే.

సిల్వర్ వస్తే ఏమొస్తుంది? దుబాయ్‌లో బిజినెస్ లాంజ్‌లోకి వెళ్లొచ్చు, బరువు లెక్కన నడిచే రూట్లలో సామాను 12 కిలోలు అదనం. గోల్డ్‌కు 16, ప్లాటినమ్‌కు 20. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ఈ కిలోలు నిజంగా విలువైనవి. అమెరికా రూటులో బరువు కాదు, పెట్టెల సంఖ్య లెక్క, ఈ అదనపు కిలోలు అక్కడ వర్తించవు. ‘సిల్వర్ ఉంది కదా’ అని 23 కిలోల పెట్టెలో ఆవకాయ జాడీలు ఇంకో రెండు ఇరికించి కౌంటర్ దగ్గర అందరి ముందూ పెట్టె విప్పుకోవడం శంషాబాద్‌లో కొత్త దృశ్యమేమీ కాదు.

ఖర్చుపెట్టే మైళ్లకు గడువు ఉంది, అది మీ పుట్టిన నెలతో ముడిపడి ఉంటుంది. మైళ్లు పడిన రోజు నుంచి కనీసం మూడేళ్లు ఉంటాయి. ఆ మూడేళ్లు నిండాక మొదట వచ్చే మీ పుట్టిన నెల చివరి రోజున పోతాయి. 2025 జూన్‌లో ప్రయాణం చేసినవారు ఆగస్టులో పుట్టి ఉంటే 2028 ఆగస్టు 31న పోతాయి. అదే 2025 ఆగస్టులో ప్రయాణం చేసి, పుట్టిన నెల జూలై అయితే 2029 జూలై 31 దాకా ఉంటాయి, దాదాపు నాలుగేళ్లు. ఇంట్లో పెద్దవాళ్లకు అసలు పుట్టింది ఏ కార్తీకంలోనో, బళ్లో మాస్టారు రాసిన తేదీ ఏ జూలై 1నో అయి ఉంటుంది. ఖాతాలో పాస్‌పోర్ట్ తేదీయే వేయాలి, గడువు లెక్కా దాని ప్రకారమే. మధ్యలో మళ్లీ ప్రయాణం చేస్తే పాత మైళ్ల గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అలా పెరగదు. ఏ మైళ్ల గడువు వాటిదే.

నలుగురున్న కుటుంబానికి విడివిడి ఖాతాల్లో తలా కాసిని మైళ్లు చేరితే ఎవరివీ దేనికీ చాలవు. దానికోసమే మై ఫ్యామిలీ అనే ఉమ్మడి ఖాతా ఉంది. ఎనిమిది మంది దాకా చేరవచ్చు, ఎవరికి పడే మైళ్లలో ఎంత శాతం ఉమ్మడికి వెళ్లాలో నిర్ణయించుకోవచ్చు, నూటికి నూరూ పెట్టొచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి తిరిగేవాళ్లు నూరు పెట్టుకోవడమే మేలు. అయితే టియర్ మైళ్లు కలవవు, ఎవరి మెట్టు వారే ఎక్కాలి. రెండేళ్ల నుంచి పదహారేళ్ల వరకు పిల్లలకు స్కైసర్ఫర్స్ అని వేరే ఖాతా. పిల్లల టికెట్‌కూ మైళ్లు పడతాయన్న సంగతి తెలియక వాళ్ల గడి ఖాళీగా వదిలేసే తల్లిదండ్రులే ఎక్కువ.

తెలుగువాళ్ల మైళ్లు అన్నిటికంటే ఎక్కువగా గల్లంతయ్యేది పేర్ల దగ్గర. టికెట్ మీద పేరు, ఖాతాలో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవకపోతే కంప్యూటర్ ఆ నంబరును పక్కన పడేస్తుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్ట్‌లో అది సర్‌నేమ్ గడిలో, మిగతాదంతా గివెన్ నేమ్ గడిలో పడుతుంది. ఖాతా తెరిచేటప్పుడు మాత్రం చాలామంది ఆఫీసులో వాడే పొట్టిపేరు కొట్టేస్తారు. కొత్తపల్లి వెంకట సత్యనారాయణ అనే పేరు ఊహించుకోండి. ఖాతాలో ‘సత్యనారాయణ కె’ అని ఉంటుంది. ట్రావెల్ ఏజెంట్ తీసిన టికెట్ మీద ముందు కొత్తపల్లి, తర్వాత ఒక గీత, ఆ తర్వాత వెంకటసత్యనారాయణ అని ఖాళీ లేకుండా కలిపేసి, చివర మిస్టర్ కూడా అతికి ఉంటుంది. అలా కలిసిపోవడం బుకింగ్ సిస్టమ్ పద్ధతి, దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఖాతాలో వెంకట లేకపోవడంతో, ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుంచించుకుపోవడంతో.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. లక్ష్మి అన్న పేరులో ‘క్ష’ను ఒకరు కేఎస్‌హెచ్ అని, ఒకరు ఎక్స్ అని రాస్తారు. శ్రీనివాస్‌కు మొదట ఎస్‌హెచ్ పెడతారో, ఉత్త ఎస్ పెడతారో వాళ్లకే గుర్తుండదు. పెళ్లయ్యాక పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మార్చుకున్నవాళ్ల ఖాతాలో పుట్టింటి పేరు అలాగే ఉండిపోతుంది. పాత పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లదైతే మరీ చిక్కు. పేరు మొత్తం ఒకే గడిలో ఉంటుంది, టికెట్‌లో దాన్ని ఏ గడిలో వేశారో చూసుకుని ఖాతాలోనూ అలాగే వేయాలి. అందుకే పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని, సర్‌నేమ్, గివెన్ నేమ్ గడులు చూసి అదే వరుసలో టైప్ చేయండి. ఇప్పటికే తప్పు పేరుతో ఖాతా ఉంటే రెండోది తెరవద్దు. పాస్‌పోర్ట్ కాపీ పంపి పేరు సరిచేయించుకోవాలి. అదీ ప్రయాణానికి ముందే.

అమ్మానాన్నలకు ఖాతా తెరిచే పిల్లలు ఎవరి ఖాతాకు వారి ఈమెయిల్ వేరుగా ఇవ్వాలి. ధ్రువీకరణ కోడ్ వచ్చినప్పుడు చూడగలిగేది ఎవరో ముందే ఆలోచించుకోండి. విదేశం వెళ్లాక రీచార్జ్ అయిపోయిన సిమ్‌కు కోడ్ రాదు.

మైళ్లు ఖర్చుపెట్టే దగ్గర ఈ పథకం మీద మా మార్కులు తగ్గుతాయి. రివార్డు టికెట్ అంటే ఉచిత టికెట్ కాదు. విమానాశ్రయ పన్నులు ఎలాగూ కట్టాలి, వాటితోపాటు కంపెనీ వేసే సర్‌చార్జీ కూడా డబ్బుగానే కట్టాలి. ఎమిరేట్స్‌లో అది తేలిగ్గా తీసుకునే మొత్తం కాదు. లెక్క ఇలా వేయాలి: అదే తేదీకి డబ్బుతో కొంటే ఎంతవుతుందో అందులోంచి రివార్డు టికెట్‌కు చేతి నుంచి కట్టాల్సింది తీసేయండి, మిగిలినదాన్ని అడిగిన మైళ్లతో భాగించండి. ఉదాహరణకు టికెట్ 32,000 రూపాయలు, రివార్డుకు 20,000 మైళ్లతోపాటు 14,000 రూపాయలు అడిగారనుకుందాం (అంకెలు ఊహకే). మిగిలేది 18,000. అంటే మైలుకు 90 పైసలు. రివార్డు టికెట్ మీద మళ్లీ మైళ్లు పడవు కాబట్టి అసలు విలువ ఇంకాస్త తక్కువే. ఇదే లెక్క క్యాష్ ప్లస్ మైల్స్‌కూ వేసి చూడండి. అది టికెట్ ధరలో కొంత మైళ్లతో తగ్గించుకునే దారి. సులువుగా దొరుకుతుంది, కానీ చాలాసార్లు మైలుకు పలికే విలువ తక్కువ. గడువు దగ్గరపడిన కొద్దిపాటి మైళ్లను వదిలించుకోవడానికి మాత్రం అదే సరైన దారి. అప్‌గ్రేడ్ మీద కన్నున్నవాళ్లు టికెట్ కొనేముందే నిబంధనల పట్టిక చూడాలి. బాగా చవక రకం టికెట్ కొని, తర్వాత మైళ్లతో బిజినెస్‌కు మారదామంటే కుదరకపోవచ్చు.

ఒకరి విమానం ఎక్కితే ఇంకొకరి ఖాతాలో మైళ్లు పడేలా విమాన కంపెనీలు కలిసి పెట్టుకున్న కూటములు ఉన్నాయి, ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. దీని సంగతి ముందే తూచుకోవాలి. ఒక ఏడు ఖతార్, ఒక ఏడు బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికాలో లోపల తిరగడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎక్కేవాళ్లకు వన్‌వరల్డ్ కూటమిలోని ఖాతాయే నయం. ఖతార్ వారి ప్రివిలేజ్ క్లబ్ 2022 నుంచి ఏవియోస్ పాయింట్లు ఇస్తోంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాలోవి కూడా ఏవియోసే, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకోవచ్చు. ప్రివిలేజ్ క్లబ్‌లో 36 నెలలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే పాయింట్లు పోతాయి, మధ్యలో ఒక్క ప్రయాణం పడినా గడువు మళ్లీ మొదలవుతుంది. రెండేళ్లకోసారి వచ్చేవాళ్లకు స్కైవార్డ్స్ కంటే ఈ పద్ధతి మంచిది. హైదరాబాద్ నుంచి లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో, ఎయిర్ ఇండియాలోనో వెళ్లి, అమెరికాలో యునైటెడ్ ఎక్కేవాళ్లు స్టార్ అలయన్స్ అనే ఇంకో కూటమి వైపు చూడాలి. ఒక ఫ్లయిట్‌కు ఒక పథకంలోనే మైళ్లు పడతాయి కాబట్టి మూడు ఖాతాల్లో ముక్కలు ముక్కలుగా పోగేస్తే ఏదీ గిట్టదు. ఎమిరేట్స్, ఫ్లైదుబాయ్ తప్ప వేరే ఎక్కని దుబాయ్, షార్జా తెలుగువాళ్లు మాత్రం రెండో ఆలోచన లేకుండా స్కైవార్డ్స్ తీసుకోవచ్చు.

మైళ్లిచ్చే క్రెడిట్ కార్డు తీసుకోమని ఆ తర్వాత బ్యాంకు ఫోన్లు మొదలవుతాయి. అది వేరే నిర్ణయం. ఖాతా ఉచితం, కార్డుకు ఏడాది రుసుము ఉంటుంది. వంద రూపాయలకు ఒక మైలు ఇచ్చే కార్డు మీద లక్ష ఖర్చుపెడితే వచ్చేది వెయ్యి మైళ్లు. పైన వేసిన 90 పైసల లెక్కన తొమ్మిది వందల రూపాయలు. రుసుము, దాని మీద జీఎస్టీ పక్కన పెట్టుకుని చూస్తే సంగతి తెలుస్తుంది.

ప్రయాణం రోజు చేయాల్సింది ఒక్కటే. బోర్డింగ్ పాస్ చేతికి రాగానే దాని మీద ‘ఈకే’తో మొదలయ్యే మీ నంబరు ఉందో లేదో చూడాలి. ఏజెంట్లు తరచూ మరిచిపోతారు. లేకపోతే అక్కడే కౌంటర్‌లో చెబితే ఎక్కిస్తారు. ఇంటి దగ్గరే చూసుకోవాలంటే పీఎన్ఆర్, ఇంటిపేరు ఇచ్చి బుకింగ్ తెరిచి మీరే చేర్చొచ్చు. ప్రయాణమయ్యాక కూడా మైళ్లు పడకపోతే ఆరు నెలల్లోపు సైట్‌లో క్లెయిమ్ పెట్టాలి. దానికి అడిగేది పీఎన్ఆర్ కాదు, 13 అంకెల టికెట్ నంబరు. ఎమిరేట్స్ టికెట్ అయితే 176తో మొదలవుతుంది, ఈ-టికెట్ మీద ఉంటుంది. మైళ్లు ఖాతాలో కనిపించేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు, నలుగురు వెళ్తే నాలుగూ ఫొటో తీసి పెట్టుకోండి. ఏజెంటు గుంపుగా కొని అమ్మిన గ్రూప్ టికెట్ అయితే అసలు మైళ్లే ఉండకపోవచ్చు. ఆ సంగతి డబ్బు ఇవ్వకముందే ఏజెంటును అడగాలి.