గుండు చేయిస్తే అక్క అబ్బాయా? మూడేళ్ల బిడ్డ, ఏడేళ్ల బిడ్డ

తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చిన అక్కను చూసి మూడేళ్ల పిల్లోడు "అక్క అబ్బాయైపోయింది" అనొచ్చు. తాను మగపిల్లోడని ఆ వయసుకే చెప్పగలడు గానీ ఎదుటివాళ్లను పోల్చుకునేది ఎక్కువగా జుట్టు, గౌను, గాజులతోనే. ఆరేడేళ్ల బిడ్డకు ఈ చిక్కు చాలావరకు ఉండదు. గంగమ్మ జాతరలో చీర కట్టిన మామను చూసినా "వేషం" అనేస్తుంది. ఈ క్రమాన్ని అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో వివరించాడు. వయసులు బిడ్డబిడ్డకూ మారతాయి.

జవాబూ వేరుగానే ఉండాలి. చిన్నోడికి "జుట్టు మళ్లీ వస్తుంది, అక్క అక్కే" చాలు. ఉపన్యాసం దండగ, నవ్వితే మళ్లీ అడగడు. పెద్దబిడ్డతో తంటా నియమాలది: "మగపిల్లోళ్లు ముగ్గెయ్యరు" లాంటివి ఐదారేళ్లకు బిగుసుకుని, తర్వాత మెల్లగా సడలుతాయి. అక్కడ వాదన పనిచేయదు, "వేస్తే ఏమవుతుంది?" అని అడిగి, ముగ్గుపిండి చేతికివ్వండి.