ఒక్క ఒరిజినల్ కాయిలా, నాలుగు లోకల్ కాయిళ్లా: ఏది మేలు?

కారు ఇంజిన్‌లో సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉండి, స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను ఇంట్లోనే మార్చుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల షాపుకు వెళితే కౌంటర్ మీదికి రెండు రకాలు వస్తాయి. కంపెనీ డబ్బాలో ఒక్క కాయిల్ ఒకవైపు, పేరు తెలియని డబ్బాలో నాలుగు కాయిళ్ల సెట్టు ఇంకోవైపు. రెంటి ధరల మధ్య పెద్ద తేడా కనబడదు. "ఎలాగూ విప్పుతున్నారు కదా సార్, నాలుగూ మార్చేయండి, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటారు షాపువాళ్లు.

ఆ మాటలో కొంత నిజముంది. నాలుగు కాయిళ్లూ ఒకే వేడిలో, ఒకే వయసుతో నడిచాయి. ఒకటి పోయిందంటే మిగతావీ ముసలివైనట్టే. గ్యారేజీలో చేయిస్తే ప్రతిసారీ లేబర్ ఇవ్వాలి కాబట్టి అన్నీ ఒకేసారి మార్పించడం లెక్కకు సరిపోతుంది. కానీ మనం చేసేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మన చేతులతో. మన దగ్గర తిరిగే చాలా పెట్రోల్ కార్లలో కాయిళ్లు ఇంజిన్ నెత్తి మీదే ఉంటాయి. పైన ప్లాస్టిక్ కవర్, ఒక్కోదానికి ఒక కప్లర్, ఒక బోల్టు, చాలావాటికి పదో నంబరు పానా. వచ్చే ఏడాది ఇంకోటి పోతే అప్పుడు అదొక్కటే విప్పుకుంటాం. కాయిళ్ల మీద ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల సెట్టు) అడ్డంగా ఉండే ఇంజిన్లయితే సంగతి వేరు. అక్కడ విప్పడమే పెద్ద పని కాబట్టి అన్నీ ఒక్క దెబ్బకు మార్చడమే న్యాయం, అదీ మంచి సరుకుతో.

నా దృష్టిలో అసలు తేల్చేది మాత్రం వేరే. లోకల్ సెట్టు వేస్తే పోయిన ఒక్కదానితో పాటు చక్కగా పనిచేస్తున్న మూడు ఒరిజినళ్లను కూడా తీసేస్తున్నాం. ఇన్నేళ్లు నడిచి నిలబడ్డ మూడింటి స్థానంలో ఎవరు చేశారో తెలియని మూడింటిని కూర్చోబెడుతున్నాం.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 20 వేలు, 30 వేలు, ఒక్కోసారి అంతకు మించిన వోల్టులకు పెంచుతుంది. అంత కరెంటు పక్కదారి పట్టకుండా ఆపేది లోపలి సన్నటి రాగితీగ మీది పూత, దాని చుట్టూ పోసిన ఎపాక్సీ. చవక సరుకులో కోత పడేది ఎక్కువగా అక్కడే. మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో కదలకుండా నిలబడ్డ కారు బానెట్ కింద ఆ ఎపాక్సీ వేడికి ఉబ్బి, చల్లారి, మళ్లీ ఉబ్బి చివరికి పగుళ్లిస్తుంది. మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోక ఇంజిన్ కుదపడం, మళ్లీ మొదలవుతుంది. కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే ఇగ్నైటర్ లోపలే లేని కాయిళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. లోపల షార్టయితే ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, ఆ కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టర్ కూడా పోవచ్చు. కాయిల్ మీద మిగిల్చుకున్న డబ్బు ఈసీయూ రిపేరుకు ఏ మూలకూ రాదు.

కాబట్టి నా ఓటు ఒక్క ఒరిజినల్‌కే. దాంతోపాటే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ కొత్తవి వేయండి. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే ఆ గ్యాప్ దాటించడానికి కాయిల్ మరింత వోల్టేజీ తేవాలి. పాత ప్లగ్గు మీద కొత్త కాయిల్ పెడితే దాని ఆయుష్షును మనమే తగ్గించినట్టు.

పాత కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి పైకి లాగాక రబ్బరు బూటును వెలుతురులో చూడండి. నల్లటి సన్నగీత నిలువునా కనిపిస్తే స్పార్కు ప్లగ్గుకు చేరకుండా బయటినుంచే పారిపోతోందన్నమాట. బూటు ఆయిల్‌తో తడిసి ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లేదా ప్లగ్ ట్యూబు సీలు కారుతోంది. అది మార్చకుండా ఏ కాయిల్ వేసినా దండగే. తుప్పు మరకలుంటే నీళ్లు దిగాయి. వానాకాలంలో, ఇంజిన్‌ను ప్రెషర్ వాష్ చేయించాక ఈ బాధ ఎక్కువ.

బాష్, డెన్సో లాంటి బ్రాండు కాయిల్ మీ మోడల్‌కు దొరికితే ఒరిజినల్‌తో సమానంగా చూడొచ్చు. కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చేదీ ఇలాంటివాళ్లే. పార్టు నంబరు సరిచూసి, బిల్లు తీసుకోండి. స్క్రాప్ కారులోంచి తీసిన సెకండ్ హ్యాండ్ కాయిల్ వద్దు. ఎంత నడిచిందో ఎవరూ చెప్పలేరు.

రాత్రిళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒంటరిగా వెళ్లేవాళ్లు, పెద్దవాళ్లను ఎక్కించుకుని తరచూ ఊళ్లకు పోయేవాళ్లు ఇంకో మంచి కాయిల్ కొని, పానాతో పాటు డిక్కీలో ఉంచుకోండి. లోకల్ సెట్టు కన్నా అది ఎక్కువ భరోసా. దారిలో చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటే మాత్రం బండిని అలాగే లాగకండి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

ఏది కొనాలన్నా ముందు పోయింది ఏదో తేల్చుకోండి. కారుకు తగిలించి లోపం కోడ్ చదివే స్కానర్‌లో పీ0302 వస్తే రెండో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ కాయిల్‌ను మూడోదానితో అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి మళ్లీ నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిల్ పోయినట్టే. పీ0302 కదలకపోతే కాయిల్‌ది తప్పు కాదు. ప్లగ్గు, వైరింగు, ఇంజెక్టర్ చూడాలి. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి అమ్మాక చాలా షాపుల్లో వాపసు తీసుకోరు, అందుకని ఈ పని రాణిగంజ్‌కు బయల్దేరకముందే చేయండి.