70/700 టెలిస్కోప్‌తో చందమామ: లెన్స్‌కి నూటికి ఎనభై, స్టాండ్‌కి ముప్ఫై

లెన్స్ వెడల్పు 70 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 700 మి.మీ. చందమామను దగ్గరగా చూడాలన్న కోరిక పుట్టినవాళ్ల చేతికి తరచూ వచ్చే మొదటి టెలిస్కోప్ ఇది. గొట్టం మీద పేరు మారుతుంది గానీ పెట్టెలో సరుకు దాదాపు ఒకటే: రెండు గాజులు కలిపిన అక్రొమాట్ లెన్స్, 20, 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సులు), కొన్నిట్లో 4 మి.మీ.ది కూడా, ఒక 3ఎక్స్ బార్లో (రెట్లను మూడింతలు చేసే అదనపు లెన్స్), సన్నటి అల్యూమినియం ట్రైపాడ్. ఇక్కడ చెప్పేదంతా చంద్రుడి వరకే.

పెట్టె మీద 525 రెట్లు అని ఉంటే పట్టించుకోకండి. 700ని 4తో భాగించి, బార్లో 3తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. లెక్క సరైనదే, చూపే ఆనదు. లెన్స్ ఒక్కో మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేదీ రాదు. అంటే ఈ లెన్స్‌కి 140 రెట్లే గరిష్ఠం. 4 మి.మీ. ఐపీస్ ఒక్కటే 175 రెట్లు ఇస్తుంది కాబట్టి అప్పటికే హద్దు దాటినట్టు. బొమ్మ మసకబారి, కంట్లో తేలే నలకలు కూడా అడ్డొస్తాయి. బార్లో అయితే చాలావాటిలో ప్లాస్టిక్‌దే. పెట్టెలోనే ఉండనివ్వండి.

పనికొచ్చేవి 35 రెట్లు, 70 రెట్లు. 20 మి.మీ.తో చంద్రబింబం మొత్తం చుట్టూ బోలెడు చీకటితో కనిపిస్తుంది. 10 మి.మీ.తో బింబం చూపులో దాదాపు నిండిపోతుంది. వివరం చూడాల్సింది ఇక్కడే. ఐపీస్ మీద ‘పీఎల్’ లేదా ‘కె’ అని ఉంటే మంచిది. ‘హెచ్’, ‘ఎస్‌ఆర్’ అని ఉంటే చూపు ఇరుకు, అంచులు అలుక్కుపోతాయి. ఐపీస్ మెడ 1.25 అంగుళాలదో కాదో కొనేముందే చూసుకోండి. 0.965 అంగుళాలదైతే తర్వాత మంచి ఐపీస్ మార్చుకోవడం కష్టం.

లెన్స్ మాత్రం మర్యాదైనది. ఎఫ్/10, అంటే ఫోకల్ లెంగ్త్ లెన్స్ వెడల్పుకు పది రెట్లు, కావడంతో బింబం అంచున పల్చటి ఊదా గీత తప్ప రంగుల గోల లేదు. సిద్ధాంతం ప్రకారం చంద్రుడి మీద 3 కి.మీ. వివరం దీనికి అందాలి. మామూలు రాత్రుల్లో 5, 6 కి.మీ. వెడల్పు క్రేటర్లు (గుండ్రటి గుంటలు) తేలిగ్గా దొరుకుతాయి. అపోలో జెండా కనిపిస్తుందా అని అడిగేవాళ్లకు జవాబు: అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోప్‌కి కూడా కనిపించదు.

స్టాండ్ దగ్గరే అసలు బాధ. కాళ్లు పూర్తిగా లాగితే ఫోకస్ చక్రం ముట్టుకున్న ప్రతిసారీ చంద్రుడు మూడు నాలుగు సెకన్లు వణుకుతాడు. కాళ్లు లాగకుండా కుర్చీలో కూర్చుని చూడండి, మధ్య ట్రేకి రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీయండి. వణుకు సగానికి సగం తగ్గుతుంది. రెండో తలనొప్పి బిగింపు స్క్రూ. చంద్రుణ్ని మధ్యలో పెట్టి స్క్రూ తిప్పగానే గొట్టం ముందుకు వాలుతుంది. ఎంత వాలుతుందో ఒకసారి గమనించి, ఆ మేరకు ముందే పైకి ఎత్తి బిగించాలి. భూమి తిరగడం వల్ల చంద్రుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతాడు; 70 రెట్ల దగ్గర మధ్యలో పెట్టిన క్రేటర్ ఒకటిన్నర నిమిషంలోపే బయటికి పోతుంది. కాబట్టి జరిగే దిక్కుకి వ్యతిరేకపు అంచున పెట్టి, అది చూపంతా దాటేదాకా చేయి తగలకుండా చూడండి.

ఫైండర్‌ని, అంటే గురి చూసుకునే చిన్న గొట్టాన్ని, పగలే, కిలోమీటరుకు మించిన దూరంలోని టవర్ మీద సరిచేసుకోండి, సూర్యుడి దరిదాపులకు పోకుండా. ఐపీస్‌కి తగిలించే సూర్య ఫిల్టర్ ఏదైనా పెట్టెలో ఉంటే విరిచి పారేయండి. అది వేడికి పగిలితే కన్ను పోతుంది. చంద్ర ఫిల్టర్ వేరే సంగతి, హాని లేదు, అవసరమూ అంతగా లేదు. వెలుగు ఎక్కువనిపిస్తే పక్కన ఒక దీపం వేసుకుంటే సరి. ‘బొమ్మ మసకగా ఉంది’ అనే ఫిర్యాదుల్లో కొన్ని లెన్స్ మూత మధ్యలోని చిన్న బిళ్ల మాత్రమే తీసి, పెద్ద మూత మరిచిపోయినవి.

కిటికీ అద్దం గుండా చూడొద్దు. గొట్టాన్ని పావుగంట ముందే బయట పెట్టండి, లోపలి గాలి చల్లబడాలి. చంద్రుడు దిగువన ఉన్నప్పుడు నీళ్లలో బొమ్మలా అల్లాడితే అది టెలిస్కోప్ తప్పు కాదు, పైకొచ్చేదాకా ఆగాలి.

చాలామంది పౌర్ణమికి గొట్టం బయటికి తీసి నిరాశపడతారు. ఆ రోజు నీడలుండవు, బింబం సున్నం కొట్టిన పళ్లెంలా ఉంటుంది. టైకో క్రేటర్ నుంచి చిమ్మిన తెల్లటి చారలకు మాత్రం అదే మంచి రాత్రి. మిగతావాటికి వెలుగు-చీకటి గీత దగ్గర వెతకాలి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం కదా, ఆ గీత కూడా తిథికి సుమారు 12 డిగ్రీలు జరుగుతుంది. కాస్త అటూ ఇటూగా శుక్ల తదియకు మేర్ క్రిసియం అనే నల్లటి మైదానం, షష్ఠికి థియోఫిలస్ క్రేటర్, దాని పక్కనే సిరిల్లస్, కాథరీనా. అష్టమికి అపెన్నైన్ పర్వతాలు, ఆల్ప్స్ లోయ. నవమికి టైకో, ప్లేటో క్రేటర్లు, 110 కి.మీ. పొడవైన ‘తిన్నని గోడ’ అనే గట్టు. దశమికి 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ క్రేటర్, మెట్లుమెట్లుగా దిగే గోడలతో. చూసే వేళకు నడుస్తున్న తిథిని లెక్కలోకి తీసుకోండి, సూర్యోదయపు తిథిని కాదు.

ఆ ‘తిన్నని గోడ’ ఎత్తు కొన్ని వందల మీటర్లే. ఈ లెన్స్‌కి అందనిదే. అయినా సూర్యోదయపు నీడ నల్లటి గీతగా పట్టిస్తుంది. కృష్ణపక్షం అష్టమి ప్రాంతంలో అదే గోడ వెలుగు తగిలి తెల్లటి గీతవుతుంది. ఒకే చోటును రెండు పక్షాల్లోనూ చూడనివాళ్లకు చంద్రుడు ఎప్పుడూ ఒకేలా ఉంటాడనిపించడం సహజం.

నెలవంక ఒడిలో మసగ్గా కనిపించే మిగతా బింబం, అంటే భూమి నుంచి పడ్డ వెలుగు, దానికి మాత్రం 10×50 బైనాక్యులరే మేలు. రెండు కళ్లతో చూడటంలో ఉన్న గుండ్రదనం ఈ గొట్టంలో రాదు. క్రేటర్ల కోసమైతే 70/700 తీసుకోండి, పెట్టెలోని స్టాండ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. బరువైన ఫొటో ట్రైపాడ్ ఇంట్లో ఉంటే గొట్టాన్ని దానికి బిగించే క్లాంప్ దొరుకుతుందేమో ముందు అడగండి.