పీడీబీ ఒంటి అక్షరం కమాండ్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పైథాన్ కోడ్‌లో తేడా ఎక్కడుందో వెతకడానికి నేను వాడేది పీడీబీయే, అంటే ప్రోగ్రాంని మధ్యలో ఆపి ఒక్కో లైనూ నడుపుతూ చూడనిచ్చే పైథాన్ డీబగ్గర్. అనుమానమున్న చోట బ్రేక్‌పాయింట్ ఫంక్షన్ ఒక్కటి పిలిస్తే చాలు, ప్రోగ్రాం అక్కడ ఆగుతుంది; పైథాన్ 3.7 నుంచి ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు. ప్రాంప్ట్ రాగానే తర్వాతి లైనుకి ‘ఎన్’, ఫంక్షన్ లోపలికి ‘ఎస్’, ఆగకుండా పోనివ్వడానికి ‘సి’. ఒకసారి ‘ఎన్’ కొట్టాక ఖాళీ ఎంటర్ నొక్కినా అదే మళ్లీ నడుస్తుంది. రోజంతా ఇదే పని చేసేవాళ్లకి ఇది చిన్న సుఖమేమీ కాదు.

నాకు బాగా నచ్చింది ‘యు’, ‘డి’ల ఎంపిక. ‘డబ్ల్యు’ కొడితే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరసగా వస్తుంది, మనమున్న ఫంక్షన్ అట్టడుగున ఉంటుంది. ‘యు’ కొడితే దాన్ని పిలిచిన ఫంక్షన్‌కి వెళ్తాం, తెరమీద కూడా అది పైనే కనిపిస్తుంది. ‘డి’ కొడితే తిరిగి కిందికి వస్తాం. సి భాష కోడ్ కోసం జీడీబీ అనే డీబగ్గర్ వాడేటప్పుడు ఇది తిరగబడుతుంది. అక్కడ మనమున్న ఫంక్షనే పైన ఉంటుంది కాబట్టి ‘అప్’ అంటే చూపు కిందికి దించాలి. పైగా అక్కడ ‘యు’ అంటే ‘అన్‌టిల్’ అనే వేరే కమాండ్. ఇక అక్కడి ‘డి’ అంటే డిలీట్, పక్కన నంబరు ఇవ్వకపోతే బ్రేక్‌పాయింట్లన్నీ పోతాయి. చెరిపేయమంటారా అని అడుగుతుంది, నిజమే. కానీ అలా అడిగే కన్ఫర్మ్ సెట్టింగ్‌ని ఆఫ్ చేసి పెట్టుకున్నవాళ్లని అదీ అడగదు. వెనక్కి తెచ్చుకోలేని పనికి ఒంటి అక్షరం ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో పీడీబీదే పైచేయి.

పీడీబీతో అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇందులో వేరియబుల్ పేరు కొట్టినా విలువ చూపిస్తుంది, కమాండ్ కొట్టినా పని చేస్తుంది. రెండింటికీ ఒకే పేరుంటే గెలిచేది కమాండే. లూప్‌లో ‘ఎన్’ అనే వేరియబుల్ ఉందనుకోండి, విలువ చూద్దామని ‘ఎన్’ కొట్టగానే ప్రోగ్రాం ఒక లైను ముందుకి పోతుంది. ‘సి’ అయితే ఇంకా ఘోరం, మనం చూడాలనుకున్న చోటు దాటిపోయి మళ్లీ మొదటినుంచీ నడపాల్సి వస్తుంది. ‘ఎ’ కొడితే ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు, ‘బి’ కొడితే బ్రేక్‌పాయింట్ల జాబితా. లెక్కల కోడ్ రాసేవాళ్లు వాడే పేర్లు సరిగ్గా ఇవే కదా! జీడీబీలో ఈ గొడవ లేదు, విలువ కావాలంటే ముందు ‘పి’ పెట్టి తీరాలి. పీడీబీలోనూ ‘పి’ గానీ, ముందు ఆశ్చర్యార్థకం గానీ పెడితే సరిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: పేరు పొడవుదైనా సరే, ‘పి’ లేకుండా ఏ విలువా అడగొద్దు.

సొంత షార్ట్‌కట్లు పెట్టుకోవడానికి పీడీబీలో ఏలియాస్ అనే కమాండ్ ఉంది, హోమ్ డైరెక్టరీలో డాట్ పీడీబీఆర్‌సీ ఫైల్లో రాసుకుంటే ప్రతిసారీ వాటంతటవే వస్తాయి. ఒంటి అక్షరాలు ఇంకా కొన్ని ఖాళీగానే ఉన్నాయి గానీ నేను వాటి జోలికి పోను. నావన్నీ రెండు మూడక్షరాల పేర్లే. ‘ఎక్స్’ని కమాండ్ చేసుకుంటే రేపు ‘ఎక్స్’ విలువ చూడాలన్నా పేచీయే.