నల్గొండల చిన్నపిల్లల రన్నింగ్ సమ్మర్ క్యాంప్, మా పాపకు మస్తు పనికొచ్చింది

మా పాపకు ఏడేండ్లు, ఉరుకుడు పందెం అంటే పానం, కానీ స్కూల్ స్పోర్ట్స్ డేల పక్క లైన్ల పిల్లను చూసుకుంట ఉరికి ఎనకబడి బాగ ఏడ్చింది, అందుకే ఈ క్యాంప్‌ల వేసినం.

కోచ్ సారు నాకు చాన నచ్చిండు, చిన్నపిల్లలను 400 మీటర్ల ట్రాక్ చుట్టూ ఊకె ఉరికియ్యడు, ముందు ఆటలు ఆడిపిస్తడు, తర్వాత 30, 50 మీటర్లే, చేతులు ఎట్ల ఊపాలె, చూపు ఏడ పెట్టాలె అన్నీ ఓపికగ చెప్తడు. మా పాప ఫినిషింగ్ గీత దగ్గరికి రాంగనే స్లో అయ్యేది, ఆయన గీత అవతల ఇంకింత దూరంల ఎర్ర కోన్ పెట్టి "అది ముట్టుకో బిడ్డా" అన్నడు, గంతే, ఆ అలవాటు పోయింది! ఇప్పుడే స్పైక్స్ (అడుగున ములుకులుండే బూట్లు) కొనకుండ్రి, మెత్తటి బూట్లు చాలు అని కూడా ఆయనే చెప్పిండు. 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల కాంస్యం గెలిచిన మన వరంగల్ దిక్కు బిడ్డ జీవంజి దీప్తి గురించి చెప్తే, ఇంటికొచ్చి ఆ వీడియో పెట్టమని ఒకటే లొల్లి.

తాగే నీళ్లు మాత్రం సరిగ లేవు, అది సూసుకోవాలె వాళ్లు. మొన్న పందెంల నాలుగోది వచ్చింది, మెడల్ రాలే, అయినా ఏడ్వలే, మళ్లెప్పుడు సారూ అని అడిగింది, నాకు అది చాలు. చేర్పించేటోళ్లు బాటిల్, టోపీ ఇంట్ల నుంచే పంపుండ్రి, మన ఎండలు తెలుసు గదా.