ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈత, పరుగు, కబడ్డీ: ఏది మేలు?

ఉబ్బసం ఉన్న పిల్లలను ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టడం మన బడుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. జబ్బు అదుపులో ఉన్న పిల్లలకు ఈ శిక్ష అనవసరం. ఏ ఆట, ఏ జాగ్రత్తలతో అన్నదే తేల్చుకోవాలి.

పరుగెత్తేటప్పుడు పిల్లలు నోటితో వేగంగా గాలి పీలుస్తారు. ముక్కులో వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళ్లవలసిన గాలి పొడిగా నేరుగా చేరి, శ్వాసనాళాల లోపలి తడిని ఆర్పేయడంతో అవి బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు ఆట ఆగిన 5-10 నిమిషాలకు ఎక్కువవుతాయి కనుక, ఇంటికి బయలుదేరే హడావిడిలో పెద్దలు వాటిని గమనించకపోవచ్చు.

ఈ లెక్కన ఈతకే మొదటి స్థానం, ఎందుకంటే నీటిని ఆనుకుని ఉండే గాలిలో తేమ ఎక్కువ. అయితే పైకప్పు ఉండి గాలి ఆడని కొలనులో, క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసి పుట్టే క్లోరమిన్లు ఊపిరితిత్తులను రేపుతాయి. ఘాటైన వాసనను చాలామంది శుభ్రతకు గుర్తుగా భావిస్తారు గాని, నిజానికి అది ఆ కొలనుకు దూరంగా ఉండమనే హెచ్చరిక.

ఆగకుండా సాగే దూరపు పరుగు, ముఖ్యంగా చలికాలపు ఉదయాన, ఈ మూడింటిలో ఆయాసాన్ని ఎక్కువగా రప్పిస్తుంది. అలాగని నిషేధించనక్కరలేదు, 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించిన బ్రిటన్ పరుగుల క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్‌కు ఉబ్బసం ఉంది.

కబడ్డీలో కూతకు 30 సెకన్లే, తరువాత విశ్రాంతి దొరుకుతుంది. వాలీబాల్, బ్యాడ్మింటన్‌లదీ ఇదే తీరు. మట్టి కోర్టులో లేచే దుమ్మే చిక్కు కనుక ముందుగా నీళ్లు చల్లించాలి.

మంచి కొలను దగ్గరలో ఉంటే ఈతతో మొదలుపెట్టడం నా దృష్టిలో ఉత్తమం. కాని వేసవి సెలవుల రెండు నెలలకే పరిమితమయ్యే ఈత కన్నా, ఏడాది పొడవునా సాయంత్రాలు ఆడే బ్యాడ్మింటన్ మేలు.

ఏ ఆటకైనా ముందు 10-15 నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించాలి. డాక్టరు సూచించి ఉంటే, ఆటకు 10-15 నిమిషాల ముందు శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను, దానికి తగిలించే గొట్టంలాంటి స్పేసర్‌తో ఇవ్వాలి. ఇన్‌హేలర్ తరగతి గదిలోని సంచిలో కాక, మైదానంలో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుల) చేతికి అందేలా ఉండాలి. మందు వాడినా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తిచేయలేకపోతే, పెదవులు నీలిరంగుకు తిరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.