నెల్లూరు కోచింగ్ సెంటరులో ఫ్లోరిడా పాఠం

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక కోచింగ్ సెంటరు గ్రూప్-1 అభ్యర్థుల కోసం నడుపుతున్న ఆదివారపు అంతర్జాతీయ వ్యవహారాల తరగతికి రెండు నెలలుగా వెళుతున్నాను. 2016లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీ (అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) పాఠం ఒక్కటే నేను కట్టిన ఫీజుకు సరిపోయింది. మాజీ గవర్నరు జెబ్ బుష్, సెనేటరు మార్కో రూబియో ఇద్దరూ ఆ రాష్ట్రం వారే అయి పోటీలో ఉండడంతో అక్కడి పార్టీ నాయకులు, విరాళదాతలు పడిన ఇరకాటాన్ని, ఒకే ఇంటి అన్నదమ్ముల బిడ్డలు సర్పంచి పదవికి పోటీపడితే బంధువర్గం పడే అవస్థతో పోల్చి మాస్టారు వివరించారు. ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా రాష్ట్ర ప్రైమరీలో ఓటమితో బుష్ తప్పుకున్నా రూబియోకు కలిసిరాలేదు. మార్చి 15న ఫ్లోరిడాలో ఒక్క మయామీ-డేడ్ కౌంటీ (మన జిల్లా వంటిది) తప్ప మిగిలినవన్నీ ట్రంప్ గెలిచి, గెలిచినవారికే అన్నీ అనే నియమం వల్ల అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభకు ఆ రాష్ట్రం పంపే మొత్తం 99 మంది ప్రతినిధులనూ దక్కించుకోగా, రూబియో ఆ రాత్రే విరమించుకున్నారు. ఇంత చక్కటి పాఠానికి ఇచ్చిన నోట్సులో మాత్రం 99 కాస్తా 66గా అచ్చయింది. ఆఫీసులో అడిగితే, కాగితం తిప్పి చదువుకోమన్నారు. వెనుక బెంచీలకు ఫ్యాను గాలి అందదు కనుక ముందుగా వెళ్లడం మంచిది.